మైలుతుత్తం నీళ్లలో పెరిగిన శిల్పం

ప్రతి జులైలో వింబుల్డన్ మహిళల ఫైనల్ ముగిశాక గెలిచిన అమ్మాయి ఒక వెండి పళ్లేన్ని తల మీదికి ఎత్తి పట్టుకుంటుంది. టీవీలో అది ఒక్క మెరుపుగా కనిపించి పోతుంది. దగ్గర్నుంచి తీసిన ఫొటో ఎప్పుడైనా దొరికితే కాస్త ఆగి చూడండి. పళ్లెం అడ్డంగా 18.75 అంగుళాలు. వెండి మీద అక్కడక్కడ బంగారు పూత. నట్టనడుమ ఒక స్త్రీమూర్తి పెట్టె మీద కూర్చుని ఉంటుంది. కుడిచేతిలో దీపం, ఎడమచేతిలో కూజా. అంచు చుట్టూ మినర్వా దేవత, ఆమె ఏలుబడిలో ఏడు విద్యలు: జ్యోతిషం, రేఖాగణితం, అంకగణితం, సంగీతం, వక్తృత్వం, తర్కం, వ్యాకరణం. పళ్లేనికి వీనస్ పేరు అంటుకుంది గాని నడుమ కూర్చున్నది వీనస్ కాదు, నిగ్రహానికి రూపం కట్టిన మూర్తి. విందులో అతిథుల చేతుల మీద పన్నీరు పోసేటప్పుడు కింద పట్టే పళ్లెం ఇది. మన పెళ్లిళ్లలో పన్నీరు బుడ్డి చిలకరించి ఊరుకుంటాం. యూరప్ ప్రభువులకు కిందపడే నీళ్లకు కూడా ఇంత పనితనం కావలసి వచ్చింది.

ఈ పళ్లెం 1864లో బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ కంపెనీలో తయారైంది. 1886 నుంచి విజేతల చేతుల్లోకి వెళ్తోంది. కాని ఇందులోని బొమ్మలు ఆ కంపెనీ కళాకారులు ఊహించినవి కావు. 16వ శతాబ్దం చివర ఫ్రాన్సువా బ్రియో అనే ఫ్రెంచి పనివాడు ప్యూటర్‌తో, అంటే తగరం పాలు ఎక్కువగా ఉండే మిశ్రలోహంతో, పోతపోసిన పళ్లెం దీనికి మూలం. ఆ తరవాత కొన్నేళ్లకు న్యూరెంబర్గ్‌లో కాస్పార్ ఎండర్లైన్ అనే మరో పనివాడు అదే నమూనాను మళ్లీ పోతపోశాడు. రెండు వందల యాభై ఏళ్లు గడిచాక విక్టోరియా కాలపు ఇంగ్లండ్ దాన్ని కరెంటుతో మరోసారి పుట్టించింది. లండన్‌లో ఏటా కెమెరాల ముందు మెరిసేది ఒక నకలు వంశంలోని బిడ్డ.

మన భాషలో నకలు అనే మాటకు మర్యాద తక్కువ. నకిలీ దానికి తోబుట్టువు. ‘గిల్టు’ అంటే మరీ చులకన. మా అమ్మమ్మకు చిలకలపూడి గొలుసు ఒకటి ఉండేది. బందరు పక్కన ఆ ఊరివాళ్లు చేసే బంగారు పూత నగలు తెలుగు ఇళ్లల్లో తెలియనివారు లేరు. పెళ్లిళ్లకు అది వేసుకుని వెళ్లేటప్పుడు ఎవరూ గుచ్చి అడగకుండా కొంగు నిండుగా కప్పుకునేది. ఆ కొంగు కప్పుకోవడం నాకు బాగా గుర్తు. అందుకే విక్టోరియా కాలపు ఎలక్ట్రోటైపుల, అంటే అచ్చులో కరెంటుతో పెంచిన లోహపు నకళ్ల, కథ చదువుతున్నప్పుడు, ఒక దేశం నకళ్లను దాచకుండా మ్యూజియంలో అద్దాల బీరువాల్లో పెట్టి, కింద ‘ఇది నకలు’ అని రాసి, వాటిని చూసి నేర్చుకోమని పిల్లల్ని పిలిచిందంటే ఆశ్చర్యం వేసింది. ఆ పనిలో ఎంత నేర్పు ఉందో తెలిశాక గౌరవం కలిగింది.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. పూత వేయడం, ఎలక్ట్రోటైపు తీయడం ఒకే తల్లి బిడ్డలు, కాని ఒకే పని కాదు. పూతలో వస్తువు ముందే ఉంటుంది. దాని మీద బంగారమో వెండో పలచగా కప్పుతాం, ఆ పొర ఎప్పటికీ ఊడకూడదు. ఎలక్ట్రోటైపులో వస్తువు ఉండదు, దాని అచ్చు మాత్రమే ఉంటుంది. అచ్చులోపల లోహం పొర మీద పొరగా పేరుకుని గట్టి పెంకు అవుతుంది. ఆ పొర శుభ్రంగా ఊడి రావాలి. ఊడి వచ్చిందే వస్తువు.

ఈ సంగతి మొదట యాదృచ్ఛికంగా బయటపడింది. 1836లో లండన్ ఆచార్యుడు జాన్ ఫ్రెడరిక్ డేనియల్ నిలకడగా కరెంటు ఇచ్చే ఘటాన్ని తయారుచేశాడు. రాగి పాత్రలో మైలుతుత్తం ద్రావణం, నడుమ జింకు కడ్డీ. ఘటం పనిచేస్తున్నకొద్దీ పాత్ర రాగి మీద కొత్త రాగి చేరుతూ పోయేది. వారెన్ డి లా ర్యూ అనే శాస్త్రవేత్త ఆ కొత్త పొరను ఊడదీసి చూసి, అడుగు రేకు మీదున్న సన్న గీతలన్నీ దాని మీద దిగి ఉండటం గమనించాడు. గమనించి అక్కడితో వదిలేశాడు. దాన్ని పద్ధతిగా మలచిన ఘనత మోరిట్జ్ హెర్మన్ జాకోబీది. ప్రష్యాలో పుట్టి రష్యాలో స్థిరపడిన ఈ ఇంజనీరు, 1838లో నేవా నది మీద బ్యాటరీ కరెంటుతో పడవ నడిపినవాడు. అదే ఏడాది అక్టోబరులో అచ్చు తీసే తన పద్ధతిని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి తెలియజేశాడు. 1839లో లండన్‌లో సి.జె. జోర్డాన్ ఒక పత్రికకు ఉత్తరంగా, లివర్‌పూల్‌లో థామస్ స్పెన్సర్ ఒక సభలో పత్రంగా ఇదే సంగతి విడివిడిగా బయటపెట్టారు. ఎవరు ముందన్న తగవు చాలాకాలం నడిచింది. దాని జోలికి మనం పోనక్కర్లేదు.

అసలు గడియ తెరిచింది 1840లో రాబర్ట్ మరే. అప్పటిదాకా అచ్చు కూడా లోహంతోనే ఉండాలి, లేకపోతే కరెంటు పారదు. మరే చెప్పిన కిటుకు వింటే ఇంతేనా అనిపిస్తుంది: అచ్చు మీద గ్రాఫైట్ పొడి, అంటే పెన్సిల్లో ఉండే నల్లపొడి, మెత్తటి కుంచెతో రుద్దితే చాలు. మైనమైనా, ప్లాస్టరైనా, కర్ర అయినా కరెంటును అందుకుంటుంది. ఆ తరవాత ఇంగ్లండ్‌లో ఇది ఇంటింటి సరదా అయింది. పెద్దమనుషులు, బడిపిల్లలు గాజు సీసాలో మైలుతుత్తం కలిపి, పాత నాణేలకూ పతకాలకూ ప్రతులు తీసుకుంటూ కూర్చునేవారు. 1841లోనే చార్లెస్ విన్సెంట్ వాకర్ ఈ పని నేర్పే చిన్న పుస్తకం వేశాడు.

ఒక నాణేన్ని అచ్చు తీయడానికీ, ఆకులూ తీగలూ దేవతలూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్న వెండి కూజాను తీయడానికీ మధ్య ఒక జీవితకాలపు అభ్యాసం ఉంది. ఈ కళ తొట్టిలో లేదనీ, అచ్చులోనే ఉందనీ నా నమ్మకం.

అచ్చు తీసేవాడు మొదట చేసేది వస్తువును చాలాసేపు చూడటం. ఎక్కడ లోతు, ఎక్కడ మెలిక, ఏ ఆకు కింద ఖాళీ ఉంది, అచ్చు ఏ దిక్కుకు లాగితే ఏదీ విరగకుండా వస్తుంది? బల్లపరుపు పళ్లేనికి ప్లాస్టరో మైనమో చాలు. ఆకు కింద మెలిక ఉన్నచోట గట్టి అచ్చు ఇరుక్కుపోతుంది. అక్కడ అచ్చును ముక్కలు ముక్కలుగా తీసి, ముక్కలన్నిటికీ పైన ఒక తొడుగు వేసి, తిరిగి కలిపేవారు. లేదా సాగే పదార్థం వాడేవారు. 1840లలో మలయా అడవుల నుంచి గట్టాపర్చా అనే చెట్టుపాలు ఇంగ్లండ్ చేరింది. వేడినీళ్లలో మెత్తబడుతుంది, నొక్కితే ప్రతి గీతనూ పట్టుకుంటుంది, చల్లారితే గట్టిపడుతుంది, కాస్త వంగి వదిలేస్తుంది. ఇంకా సాగేది కావాలంటే జంతువుల తోళ్లు ఉడికించి తీసిన జిగురులో చెరకు మడ్డి కలిపి కాచేవారు. అది వస్తువు మీద పోసి చల్లార్చితే రబ్బరులాగా అయి, ఎంత మెలికలోంచైనా సాగి బయటపడి మళ్లీ తన రూపానికి వస్తుంది. దాని లోపం ఏమిటంటే నీళ్లలో ఉబ్బుతుంది. అందుకని దాన్ని తొట్టిలో వేయరు. దానిలో మైనం పోసి ఒక ప్రతి తీస్తారు, ఆ మైనం మీద రాగిని పెంచుతారు, మైనాన్ని కరిగించి తీసేస్తారు, మిగిలిన రాగి గుల్ల అసలు అచ్చు అవుతుంది. మన స్థపతులు పంచలోహ విగ్రహానికి మైనం వాడే తీరు తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. మైనం కరిగి చోటిచ్చి పోవడం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. మనవాళ్లు ఆ ఖాళీలోకి ఎర్రగా కరిగిన లోహాన్ని పోస్తారు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. బర్మింగ్‌హామ్‌లో ఆ ఖాళీని చల్లటి నీలం నీళ్లతో నింపేవారు.

అచ్చుకు గ్రాఫైట్ పూసి, తీగ కట్టి తొట్టిలో వేలాడదీస్తారు. తొట్టిలో మైలుతుత్తం, కొంచెం గంధకామ్లం. ఎదురుగా రాగి రేకు. కరెంటు పారగానే రేకు నుంచి రాగి కొద్దికొద్దిగా కరుగుతూ, అచ్చు మీద అంతే కొద్దికొద్దిగా చేరుతుంది. ఎంత చేరుతుందో ఫారడే 1834లోనే లెక్క కట్టి ఉంచాడు. ఒక ఆంపియరు కరెంటు గంటసేపు పారితే 1.186 గ్రాముల రాగి. దీన్ని బట్టి నేను చేసుకున్న లెక్క ఇది: పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చోట ఒక మిల్లీమీటరు మందాన రాగి పేరాలంటే దాదాపు 90 గ్రాములు కావాలి, ఒక్క ఆంపియరుతో అయితే 75 గంటలు, అంటే మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు. తొందరపడి కరెంటు పెంచితే రాగి గరుగ్గా, పెళుసుగా, ఇసకలా పడుతుంది. నెమ్మదిగా పెంచితేనే గట్టిగా, సాగే గుణంతో వస్తుంది. పైగా కరెంటుకు ఒక పక్షపాతం ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన అంచుల మీదికి ఎగబడుతుంది, లోతైన గుంటల్లోకి పోవడానికి బద్ధకిస్తుంది. అచ్చులో రూపం తిరగబడి ఉంటుంది గనక, కంటి మూల దగ్గర బుడిపెలు కట్టి, ముక్కు కొనలో పొర పలచగా మిగిలిపోతుంది. అందుకే పనివాడు అచ్చును తిప్పుతూ, రేకును జరుపుతూ, తీసి చూస్తూ మళ్లీ ముంచుతూ రోజులు గడపాలి. నిండు విగ్రహాల కోసం పారిస్‌లో ఎటియెన్ లెనోయిర్ అచ్చు లోపల ప్లాటినం తీగల గూడు అల్లి, అన్ని మూలలకూ కరెంటు సమంగా అందేలా చేశాడు. 1860లో గ్యాస్ ఇంజను కట్టిన లెనోయిర్ ఈయనే.

నన్ను అన్నిటికంటే పట్టుకున్న సంగతి ఇది. మామూలు పూతలో మనకు కనబడేది చివరగా పడిన పొర. ఎలక్ట్రోటైపులో కనబడేది మొట్టమొదట పడిన పొర. అచ్చును మొదట తాకిన రాగి అణువులే వస్తువుకు ముఖం అవుతాయి. ఆ తరవాత వచ్చినవన్నీ దానికి వెన్నుదన్ను. అందుకే ముందు వైపు అద్దంలా ఉండి, వెనక వైపు గరుకు గరుకుగా, చీమల పుట్టలాగా ఉంటుంది. పోతపోసిన లోహం చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది, గీతలు మొద్దుబారుతాయి. ఇక్కడ కరగడం లేదు, చల్లారడం లేదు. మూలం మీద ఉలి జారిన చోటు, అరగదీసిన మచ్చ, మూడు వందల ఏళ్ల కిందట ఎవరి సేవకుడో పడేస్తే పడ్డ సొట్ట, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దిగుతాయి. 1840లలో కొందరు డాగెరోటైపు ఫొటోలకు కూడా రాగి ప్రతులు తీశారు. వెండి రేకు మీద ఊపిరి తగిలితే చెరిగిపోయేంత సున్నితమైన బొమ్మ, రాగి మీద కూడా బొమ్మగానే కనిపించింది.

పెంకు ఊడి వచ్చాక వెనక తగరం, సీసం కలిసిన టంకం పోసి బలం ఇస్తారు. ముక్కల్ని అతికించి, అతుకు కనబడకుండా చెక్కుడు పనివాడు సన్న ఉలితో సరిచేస్తాడు. ఆ పైన వెండి పూత, బంగారు పూత, మూలంలో కాలం తెచ్చిన నలుపు ఉంటే దానికి తగ్గ మందు. ఇనుప డాలు అయితే ఇనుము రంగు. ఇంత మంది చేతులు పడితేగాని ‘యంత్రంతో తీసిన నకలు’ అని మనం తేలిగ్గా అనేసే వస్తువు బయటికి రాదు.

ఈ పనిని పరిశ్రమగా నిలబెట్టినవారు సోదర వరసైన జార్జ్, హెన్రీ ఎల్కింగ్టన్‌లు. వీళ్లకు కలిసివచ్చిన మనిషి జాన్ రైట్ అనే బర్మింగ్‌హామ్ వైద్యుడు. వెండి, బంగారం గట్టిగా అతుక్కునేలా పూత పడాలంటే ఏ ద్రావణం కావాలన్నది ఎవరికీ తేలలేదు. రైట్ పాత రసాయనవేత్త షీలే రాతలు చదువుతూ పొటాషియం సయనైడును పట్టుకున్నాడు. 1840లో ఎల్కింగ్టన్ పేటెంటులోకి ఆ కిటుకు చేరింది. అంతకుముందు బంగారు పూత అంటే పాదరసం. బంగారాన్ని పాదరసంలో కలిపి వస్తువుకు పూసి, నిప్పుల మీద పాదరసాన్ని ఆవిరి చేసేవారు. ఆ ఆవిరి పీల్చినవారికి చేతులు వణికేవి, పళ్లు ఊడేవి, మతి చెడేది. పూత పనివాళ్లు నిండు వయసు చూడటం అరుదు. సయనైడు కూడా విషమే. కాని తొట్టిలో ఉన్నంతవరకు పాదరసం పొగలాగా పనివాడి ఊపిరిని వెంటాడదు. కరెంటు పూత వచ్చాక ఎన్ని ప్రాణాలు దక్కాయో తలుచుకుంటే, ఈ పరిశ్రమకు కళ ఒక్కటే సార్థకత కాదనిపిస్తుంది.

బ్యాటరీల ఖర్చు తగ్గించడానికి జాన్ స్టీఫెన్ ఊల్‌రిచ్ రూపొందించిన అయస్కాంత యంత్రం 1844లో తయారైంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రంతో, ఆవిరి ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం అది. ఎల్కింగ్టన్ వాళ్లు దాన్ని పూత పనికి వాడారు. పరిశ్రమలో పనిచేసిన తొలి విద్యుత్ జనరేటరు ఇదే. ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లోని థింక్‌ట్యాంక్ మ్యూజియంలో ఉంది. మనుషుల ఇళ్లల్లో కరెంటు దీపం వెలగడానికి దశాబ్దాల ముందే కరెంటు ఆకులూ పూలూ చెక్కిన పళ్లేలను పెంచుతోందన్నమాట. అదే కంపెనీలో అలెగ్జాండర్ పార్క్స్ అనే యువకుడు గులాబీలు, ఆకుల వంటి సుకుమారమైన వాటికి లోహపు పూత వేసే పద్ధతికి 1841లో పేటెంటు తీసుకున్నాడు. తరవాత తొలి ప్లాస్టిక్ తయారుచేసింది కూడా ఆయనే.

ఇప్పటిదాకా చెప్పింది పనితనం. దానికి ఒక ఆశయం తగిలించినవాడు హెన్రీ కోల్. లండన్‌లో 1851 మహాప్రదర్శన నడిపించినవారిలో ముఖ్యుడు, ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి తొలి డైరెక్టరు. ఆయన పట్టుదల ఒక్కటే: మంచి పనితనం రాజుల గదుల్లో తాళం పడి ఉంటే దేశంలో మంచి పనివాడు పుట్టడు. 1853లో ఎల్కింగ్టన్ కంపెనీతో మ్యూజియం ఒప్పందం చేసుకుంది. కంపెనీ గొప్ప వస్తువులకు అచ్చులు తీస్తుంది, మ్యూజియానికి ప్రతులు ఇస్తుంది, బయట అమ్ముకుంటుంది. 1857లో మ్యూజియం సౌత్ కెన్సింగ్టన్‌కు మారింది. పగలంతా పనిచేసేవాళ్లు రావాలని సాయంత్రాలు గ్యాస్ దీపాలు వెలిగించి తలుపులు తెరిచి ఉంచేవారు. ఊళ్లలోని కళాపాఠశాలలకు ఈ ప్రతులు వెళ్లేవి. షెఫీల్డ్‌లో చెంచాలు చేసే కుర్రవాడు వియన్నాకో ఫ్లారెన్సుకో పోనక్కర్లేకుండా అక్కడి కూజా ముందు కూర్చుని బొమ్మ గీసుకోగలిగాడు.

మోసం జరగకుండా జాగ్రత్త కూడా పడ్డారు. మూలం మీద వెండి పరీక్షించి కొట్టిన ముద్ర ఉంటే, ఎలక్ట్రోటైపులో ఆ ముద్ర కూడా దిగుతుంది కదా! రాగి ప్రతిని వెండిగా అమ్మడానికి అంతకంటే ఏం కావాలి? అందుకే మ్యూజియం అనుమతితో తీసిన ప్రతుల మీద ప్రభుత్వ శాఖ ముద్ర, కంపెనీ ముద్ర వేరుగా వేసేవారు. నకలు తన పేరు తానే చెప్పుకునేది. నకలుకూ నకిలీకీ ఉన్న దూరం ఆ ముద్రంత.

1867లో పారిస్ ప్రదర్శన జరుగుతుండగా కోల్ చొరవతో యూరప్ రాజవంశాలకు చెందిన పదిహేను మంది యువరాజులు ఒక ఒడంబడిక మీద సంతకాలు పెట్టారు. ఏ దేశం కళాఖండాలకైనా ప్లాస్టరు అచ్చులు, ఎలక్ట్రోటైపులు, ఫొటోలు తీసి అందరూ పంచుకోవాలనీ, మూలానికి ఏ హానీ కలగకూడదనీ దాని సారాంశం.

ఆ మాట ఎంత దూరం పనిచేసిందో చెప్పడానికి ఒక తొట్టి కథ చాలు. 1734-35లో లండన్‌లో చార్లెస్ కాండ్లర్ అనే కంసాలి, హెన్రీ జెర్నింగామ్ అనే వ్యాపారి కోసం, విందుల్లో వైన్ సీసాలు చల్లబరిచే వెండి తొట్టి ఒకటి చేశాడు. 200 కిలోలకు పైగా వెండి. కింద గొలుసులు వేసిన నాలుగు చిరుతలు దాన్ని మోస్తుంటాయి; పక్కల మద్యదేవుడు బాకస్ కోలాహలం. కొనే నాథుడు దొరకలేదు. చివరికి వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన కట్టడానికి తీసిన లాటరీలో దాన్ని బహుమతిగా పెట్టారు. 1741 నాటికి అది రష్యా రాజప్రాసాదానికి చేరింది. ఇప్పటికీ సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్‌లోనే ఉంది.

ఇంగ్లండ్‌లో పాత ఇంగ్లిష్ వెండి మిగిలింది తక్కువ. 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో ఇరుపక్షాలూ సైనికుల జీతాల కోసం దొరికిన వెండినల్లా కరిగించారు. మాస్కోలో జార్ చక్రవర్తులకు ఇంగ్లిష్ రాయబారులు కానుకలుగా ఇచ్చినవి మాత్రం క్రెమ్లిన్‌లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. తమ తాతల పనితనం చూడాలంటే ఇంగ్లిష్‌వాళ్లు రష్యా వెళ్లాలి! 1880లో వెండి చరిత్ర తెలిసిన విల్‌ఫ్రెడ్ క్రిప్స్‌తో పాటు ఎల్కింగ్టన్ అచ్చు పనివాళ్లు అదే చేశారు. అక్కడి రాజభవనాల్లో అచ్చులు తీసుకుని బర్మింగ్‌హామ్‌కు మోసుకొచ్చారు. కాండ్లర్ తొట్టి, చిరుతలతో సహా, రాగిలో మళ్లీ పుట్టి వెండి పూత తొడుక్కుని సౌత్ కెన్సింగ్టన్ చేరింది. హెర్మిటేజ్‌లో అసలు తొట్టి ఒక్క అంగుళం కదలలేదు.

ఇదే పద్ధతి ఇంకా ఎన్నో చోట్ల పనికొచ్చింది. వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో సమాధుల మీద పడుకుని ఉన్న రాజుల, రాణుల ప్రతిమలకు 1870లలో తీసిన రాగి ప్రతులు లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి. మార్సెయ్ కొండ మీద 11 మీటర్లు దాటిన మేరీమాత విగ్రహం పారిస్‌లోని క్రిస్టోఫ్ల్ కార్ఖానాలో ఇలా పెరిగినదే. ఉత్తర జర్మనీలో లూనెబర్గ్ అనే ఊరి కథ మాత్రం మనసును పిండుతుంది. ఉప్పు వ్యాపారంతో వెలిగిన ఆ ఊరి పురపాలక సభ తరతరాలుగా కూడబెట్టిన వెండి పాత్రలను 1874లో బెర్లిన్ మ్యూజియానికి అమ్ముకుంది. ఇప్పుడు ఊరి సభా భవనంలో ఉన్నవి ఎలక్ట్రోటైపు ప్రతులు. అసలు వెళ్లిపోయి నకలు ఇంట్లో మిగిలింది.

20వ శతాబ్దం వచ్చేసరికి గాలి మారింది. మ్యూజియంలో అసలువే ఉండాలన్నారు. ప్రతుల్ని నేలమాళిగల్లోకి తోశారు, కొన్ని చోట్ల పారేశారు. ఇది తప్పని నా గట్టి అభిప్రాయం. అసలు వస్తువు కాలంతో పాటు అరుగుతుంది, మరమ్మతు పాలవుతుంది, ఒక్కోసారి యుద్ధం పాలవుతుంది. 1880లో తీసిన అచ్చు ఆ వస్తువు 1880లో ఎలా ఉందో చెప్పే సాక్షి. 2017లో, ఆ పారిస్ ఒడంబడికకు 150 ఏళ్లు నిండినప్పుడు, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం డిజిటల్ స్కాన్ల కాలానికి తగినట్టు ఆ మాటను మళ్లీ రాయించే పనికి పూనుకుంది. నకళ్లకు పోయిన మర్యాద తిరిగి వస్తున్న గుర్తు అది.

ఇక మన సంగతి. 1868లో భోపాల్ బేగం సాంచీ తోరణాన్ని ఇంగ్లండ్‌కు పంపిస్తానంటే ప్రభుత్వం వద్దంది. బదులుగా 1869-70లో హెన్రీ కోల్ కొడుకు, హెన్రీ హార్డీ కోల్, తూర్పు తోరణానికి ప్లాస్టరు అచ్చులు తీయించాడు. ప్రతి లండన్ వెళ్లింది, తోరణం సాంచీలో నిలబడి ఉంది. అమరావతి స్తూపానికి ఆ అదృష్టం దక్కలేదు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, 1859లో అక్కణ్నుంచి ఓడలో లండన్‌కు వెళ్లాయి. 1867లో వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని లండన్ ఫైఫ్ హౌస్ గుర్రపుశాలల్లో పడి ఉండగా చూశాడు. ఏ పారిస్ ప్రదర్శనలో మూలాలకు హాని కలగకూడదని యువరాజులు సంతకాలు పెట్టారో, ఆ ప్రదర్శనకు ఫొటోలు సిద్ధం చేస్తుండగానే అవి ఆయన కంటబడ్డాయి. 1880లో, అంటే ఎల్కింగ్టన్ మనుషులు రష్యాలో అచ్చులు తీస్తున్న ఏడాదే, అమరావతి రాళ్లు బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. జార్ చక్రవర్తి ఇంటి తొట్టిని కదపకుండా అచ్చుతో సరిపెట్టుకున్న దేశం, కృష్ణా ఒడ్డున మన రాళ్లకు అచ్చు చాలనుకోలేదు. చేతకాక కాదు, ఆ నేర్పు వాళ్ల చేతుల్లో అప్పటికే పండి ఉంది.

పిల్లల దగ్గరికి లండన్ వెళ్లే తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు ఎందరో. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి గదికి తప్పక వెళ్లండి. ఇంకో రోజు సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికీ వెళ్లండి. రెండు చోట్లా ప్రవేశానికి రుసుము లేదు. అక్కడ గొలుసు వేసిన నాలుగు చిరుతల తొట్టి ఎక్కడుందో అడిగి, మనవల చెయ్యి పట్టుకుని దాని ముందు నిలబడండి. ఇది నకలు, అసలు దాని చోటే ఉంది అని వాళ్లకు చెప్పండి.